నాన్నగారు వెనక కూర్చుంటారు, నేను నడుపుతాను: సి-క్లాస్ తీసుకోవాలా, 3 సిరీసా?

మీరు ఉండేది విజయవాడలో, నెలకి రెండు మూడుసార్లు నాన్నగారిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని హైదరాబాద్ వెళ్లొస్తారు, ఆన్‌రోడ్ 75 లక్షల లోపు బెంజ్ సి-క్లాస్ మంచిదా, బీఎండబ్ల్యూ 3 సిరీస్ మంచిదా అన్నది మీ ప్రశ్న. నా దగ్గర సి-క్లాస్ డీజిల్ ఉంది. మా బావ దగ్గర 3 సిరీస్ గ్రాన్ లిమోసిన్ ఉంది. రెండింటినీ మీరు తిరిగే ఎన్‌హెచ్ 65 మీదే నడిపాను, వెనక సీట్లోనూ కూర్చున్నాను. నా కారంటే నాకు చాలా ఇష్టం. అయినా మీ అవసరానికి మాత్రం 3 సిరీసే చెబుతాను. కారణం మీ నాన్నగారే.

వెనక కూర్చునేవాళ్లకి బెంజ్, నడిపేవాళ్లకి బీఎండబ్ల్యూ అని అందరూ అంటుంటారు. పెద్ద కార్ల విషయంలో ఆ మాట చాలాకాలం చెల్లింది. ఈ రెండు కార్ల దగ్గర మాత్రం లెక్క తిరగబడింది. 2021లో బీఎండబ్ల్యూ ఇక్కడికి 3 సిరీస్‌ని పొడవు పెంచి గ్రాన్ లిమోసిన్ పేరుతో తెచ్చింది. దాని వీల్‌బేస్, అంటే ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం, 2961 మిల్లీమీటర్లు, మామూలు 3 సిరీస్ కంటే 110 ఎక్కువ. ఆ మరుసటి ఏడాది వచ్చిన ఇప్పటి సి-క్లాస్‌కి 2865. కాగితం మీద చూస్తే నాలుగంగుళాల లోపు తేడా, కానీ అదంతా వెనక కూర్చున్నవాళ్ల మోకాళ్ల దగ్గరే తెలుస్తుంది. మా మావయ్యగారు బాగా పొడగరి. నా కారులో సూర్యాపేట దాటేసరికి కొంచెం పక్కకి తిరిగి, మోకాళ్లు ముందు సీటుకి తగలకుండా సర్దుకుని కూర్చుంటారు. బావ కారులో అయితే చెప్పులు విడిచేసి, కాళ్లు చాపుకుని, కోదాడ రాకముందే నిద్రపోతారు.

అయితే ఒక్క సంగతి. రెండూ సెడాన్లే, రెండింట్లోనూ సీటు కిందికి ఉంటుంది. షోరూమ్‌కి నాన్నగారిని తీసుకెళ్లి, ఎవరూ చెయ్యి ఇవ్వకుండా ఆయన్నే దిగమనండి. ఒక కాలు బయట పెట్టాక డోరు పట్టుకుని లేవగలుగుతున్నారా, లేక సీటు మీద రెండు చేతులూ ఆనించి తోసుకోవాల్సి వస్తోందా చూడండి. రెండోది అయితే ఈ పోటీయే వదిలేయండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి బెంజ్ జీఎల్‌సీ, బీఎండబ్ల్యూ ఎక్స్3 లాంటి ఎత్తు బండ్లే సుఖం. అవి మీ బడ్జెట్ దాటుతాయి కాబట్టి వాటికంటే చిన్నవైన బీఎండబ్ల్యూ ఎక్స్1, బెంజ్ జీఎల్ఏ కూడా చూడండి. హోదా ఒక మెట్టు తగ్గినా ఫర్వాలేదు, ఆయన హాయిగా ఎక్కి దిగడం ముఖ్యం.

ఇక నడపడం. చిన్న చిన్న గతుకుల మీద, ఫ్లైఓవర్ అతుకుల మీద సి-క్లాస్ మెత్తగా పోతుంది, లోపల నిశ్శబ్దం కూడా ఎక్కువే. స్టీరింగ్‌లో ప్రాణం మాత్రం బీఎండబ్ల్యూలో ఉంది. లారీని ఓవర్‌టేక్ చేసి తిరిగి లేన్‌లోకి వచ్చేటప్పుడు ఎక్కడ పెట్టాలనుకుంటే అక్కడ పడుతుంది. ఇంకో చిన్న విషయం నాకు పెద్దదిగానే అనిపిస్తుంది. బీఎండబ్ల్యూలో గేర్ పక్కన తిప్పే నాబ్ ఉంది, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా పాటలూ మ్యాపూ మార్చుకోవచ్చు. సి-క్లాస్‌లో అందమంతా మధ్యలో నిలువుగా ఉండే 11.9 అంగుళాల తెరలోనే ఉంది. చాలావాటికి దాన్నే తాకాలి.

మీ నాన్నగారికి బెంజ్ గుర్తు మీద మనసుంటే దాన్నీ కొట్టిపారేయకండి. 1954 నుంచి పదిహేనేళ్లపాటు టాటా వాళ్లు డైమ్లర్-బెంజ్‌తో కలిసి చేసిన లారీల మీద ఆ నక్షత్రమే ఉండేది. మన దగ్గర పాతతరం వాళ్లు ఇప్పటికీ బెంజి లారీ అనే అంటారు. ఆ లారీలు చూస్తూ పెరిగిన మనిషికి కొడుకు బెంజ్ కొంటే కలిగే సంతోషం వేరు. ఆయన నోరు తెరిచి అదే కావాలంటే, కాళ్లకి చోటు కూడా సరిపోతే, నా మాట పక్కన పెట్టి సి-క్లాస్ తీసుకోండి.

ఇంజిన్ విషయంలో ఏ కంపెనీ అయినా మీకు డీజిలే నయం. నా సి-క్లాస్ హైవే మీద లీటరుకి పదిహేడు పద్దెనిమిది ఇస్తుంది. ఇప్పటి డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది శుభ్రపడాలంటే అప్పుడప్పుడూ కారు ఆగకుండా కాసేపు స్పీడుగా పరిగెత్తాలి. ఎప్పుడూ బెంజి సర్కిల్ నుంచి పటమట దాకా మాత్రమే తిరిగేవాళ్లకి అది తలనొప్పి, మీకు కాదు.

టైర్ల గురించి తప్పకుండా అడగండి. బీఎండబ్ల్యూ కార్లకి చాలా ఏళ్లుగా రన్‌ఫ్లాట్ టైర్లు వస్తున్నాయి. గాలి మొత్తం పోయినా 80 స్పీడు దాటకుండా దాదాపు 80 కిలోమీటర్లు పోవచ్చు. ఒకసారి రాత్రిపూట నందిగామ దగ్గర బావ కారుకి మేకు దిగింది. లోపల ఆడవాళ్లూ పిల్లలూ ఉన్నారు. చీకట్లో ఎక్కడా దిగే పని లేకుండా నెమ్మదిగా ఇంటికొచ్చేశాం. అలా గాలి లేకుండా నడిచిన టైరుని మళ్లీ వాడకూడదన్నారు, కొత్తది హైదరాబాద్ నుంచి తెప్పించాల్సి వచ్చింది. ధర కూడా మామూలు టైరు కంటే ఎక్కువే. మీరు తీసుకునే వేరియంట్‌కి ఏ టైర్లు వస్తున్నాయో, డిక్కీలో స్టెప్నీ ఉందో లేదో డిక్కీ తెరిపించి కళ్లారా చూడండి.

కొనే ముందు ఒక శనివారం ఉదయం మీకు దగ్గర్లోని రెండు సర్వీస్ సెంటర్లకీ వెళ్లి కాసేపు కూర్చోండి. కారు ఇవ్వడానికి వచ్చినవాళ్లతో మాట్లాడండి. బ్రేక్ ప్యాడ్లు, ముందు అద్దం, ఒక హెడ్‌ల్యాంప్, బ్యాటరీ ధరలు రాయించుకోండి. షోరూమ్‌లో సేల్స్ వాళ్లు ఈ మాటలు ఎత్తరు. సర్వీస్ ప్యాకేజీ, ఎక్స్‌టెండెడ్ వారంటీ కారుతోపాటే బేరమాడి తీసుకోండి, డిస్కౌంట్‌లో యాభై వేలు తగ్గినా సరే. వారంటీ లేని లగ్జరీ కారుని ఐదేళ్ల తర్వాత అడిగేవాళ్లు తక్కువ, సగం ధర వస్తే అదే గొప్ప.

ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్షన్ తప్పనిసరి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్ నగర్‌ని ముంచినప్పుడు మీరూ చూసే ఉంటారు. ఇంజిన్‌లోకి నీళ్లు చేరాక స్టార్ట్ చేస్తే జరిగే నష్టాన్ని మామూలు పాలసీ సాధారణంగా కవర్ చేయదు. నీళ్లలో ఆగిన కారుని మళ్లీ స్టార్ట్ చేయకుండా తోయించాలని ఇంట్లో నడిపే అందరికీ, డ్రైవర్‌కి కూడా, ముందే చెప్పి ఉంచండి.

టెస్ట్ డ్రైవ్‌కి షోరూమ్ చుట్టూ తిప్పి పంపేస్తామంటే ఒప్పుకోకండి. నాన్నగారిని వెనక కూర్చోబెట్టుకుని కనీసం ఇబ్రహీంపట్నం దాకా హైవే మీద తీసుకెళ్లండి, మీ వీధిలో స్పీడ్ బ్రేకర్ల మీద కూడా నడపండి. పొడుగు కారు కాబట్టి నలుగురు ఎక్కితే ఎత్తు బ్రేకర్లకి అడుగు తగలొచ్చు, కొంచెం ఏటవాలుగా ఎక్కించాలి. అన్నీ కుదిరాయనుకుంటే, డబ్బు మొత్తం కట్టే ముందు మీకు ఇచ్చే కారు ఏ నెలలో తయారైందో ఛాసిస్ నంబరుతో సహా రాతపూర్వకంగా తీసుకోండి. డిసెంబరులో డిస్కౌంట్లు ఎక్కువ, కానీ జనవరి ఒకటి రాగానే ఆ కారు పాత ఏడాది మోడల్ అయిపోతుంది.