టెక్ సందేహాలు: ఆనపకాయ జవాబు ఎక్కడ పోయింది?

ప్రశ్న: మాది విశాఖ ఎంవీపీ కాలనీ. నాలుగేళ్ల కిందట పదిహేను మందితో మిద్దె తోటల వాట్సాప్ గ్రూపు పెట్టాను. ఇప్పుడు గాజువాక నుంచి మధురవాడ దాకా 640 మంది ఉన్నాం. అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు, చెప్పేవాళ్లు విసిగిపోయి మానేస్తున్నారు. మా అబ్బాయి డిస్కార్డ్ అనే చాట్ యాప్‌కి మారమంటాడు, గ్రూపులో ఒక పెద్దాయన ఫోరమ్ (ఒక్కో ప్రశ్నకి, దాని జవాబులకి విడిగా ఓ పేజీ ఉండే వెబ్‌సైట్) పెట్టమంటారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీరు పంపిన స్క్రీన్‌షాట్లు చూడగానే సగం విషయం అర్థమైపోయింది మేడమ్. రాత్రి తొమ్మిదిన్నరకి ఒకావిడ ఆనపకాయ పిందెలు పండిపోయి రాలిపోతున్నాయని అడిగారు. పది నిమిషాల్లో ఒకాయన చక్కగా చెప్పారు: ఆ పువ్వు చీకటి పడే వేళకి విచ్చుకుంటుంది, ఆ టైములో మేడ మీదికి తేనెటీగలు రావు, కాబట్టి మగ పువ్వు కోసి, కింద పిందె ఉన్న ఆడ పువ్వు మధ్యలో మెల్లగా రాయండి అని. ఇంతకంటే మంచి జవాబు ఎవరిస్తారు? కానీ దాని వెనకే నాలుగు దండాలు, ఎవరిదో పుట్టినరోజు, తెల్లారేసరికి పదకొండు గుడ్ మార్నింగ్ బొమ్మలు. మూడో రోజు మరొకరు వచ్చి ‘సొరకాయ పిందె నిలవట్లేదు, ఎవరైనా చెప్పండి ప్లీజ్’. ఈసారి ఆ పెద్దమనిషి మాట్లాడలేదు.

సెర్చ్ చేసుకోవచ్చు కదా అని మీరు గ్రూపులో రెండుసార్లు కోప్పడ్డారు, అదీ చూశాను. కానీ ఏమని వెతుకుతారు? ఆనపకాయ, సొరకాయ ఒకటేనని వాట్సాప్‌కి తెలియదు, మనం కొట్టిన అక్షరాలనే అది వెతుకుతుంది. ఆయన జవాబులో ఆ రెండు మాటల్లో ఏదీ లేదు, ‘మీ పాదుకి’ అని ఉంది. ఇక మనవాళ్లు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడితే ‘కాయ’ అన్న ఒక్క మాటకే నాలుగు రకాల స్పెల్లింగులు. కొందరైతే టైపు చేసే ఓపిక లేక వాయిస్ మెసేజ్ పెడతారు, అందులో ఏముందో వింటే తప్ప తెలియదు. పైగా నిన్న చేరినవాళ్లకి మీ నాలుగేళ్ల పాత మెసేజ్‌లు కనపడవు. వాళ్లని తిట్టి లాభం లేదు.

అలాగని చాట్ పనికిరానిదని కాదు. తుపాను హెచ్చరిక వచ్చిన సాయంత్రం ‘కుండీలు దించేశారా, గ్రీన్ నెట్ విప్పేశారా’ అని అడగడానికి ఎవరూ ఫోరమ్‌లో లాగిన్ అవరు. (2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు సెల్ టవర్లే పోయాయి కాబట్టి ఏ యాప్ ఉన్నా ఒకటే అయ్యేది, అది వేరే సంగతి.) విత్తనాలు మిగిలితే పంచుకోవడానికి, పూసిన పువ్వు ఫొటో చూపించుకోవడానికి, ఊరికే కబుర్లకి వాట్సాప్‌ని మించింది లేదు. వాట్సాప్ గ్రూపులో 1024 మంది దాకా పడతారు కాబట్టి మీకు జాగా సమస్య కూడా లేదు. ఒక్కటి మాత్రం ఆలోచించండి: మీ 640 మంది ఫోన్ నంబర్లు అందరికీ కనిపిస్తున్నాయి, వాళ్లలో ఎంతమంది మీకు తెలుసు?

మీ అబ్బాయి చెప్పిన డిస్కార్డ్ 2015లో గేములాడేవాళ్ల కోసం వచ్చింది. 2022లో అందులో ఫోరమ్ చానెళ్లు కూడా పెట్టారు, బానే ఉంటాయి. కానీ అందులో రాసింది గూగుల్‌లో దొరకదు. దానికితోడు మీ గ్రూపులో రిటైరైనవాళ్లే ఎక్కువన్నారు, సర్వర్ అంటే ఏంటి, చానెల్ అంటే ఏంటి అని రోజూ మీకు ఫోన్లు వస్తాయి. దానికన్నా టెలిగ్రామ్ నయం. రెండు లక్షల మంది దాకా చేరొచ్చు, ‘తీగజాతి’, ‘పురుగులు’, ‘మట్టి’ అని టాపిక్‌లు విడగొట్టుకోవచ్చు, కొత్తగా చేరినవాళ్లకి పాతవి కనిపించేలా అడ్మిన్ సెట్ చెయ్యొచ్చు, నంబరు దాచుకోవచ్చు. అయితే తీగజాతి టాపిక్‌లో కూడా గుడ్ మార్నింగ్ పెట్టే మనిషి ఎక్కడికెళ్లినా ఉంటారు.

ఫోరమ్ విషయంలో నా పరువు కాస్త తీసుకుంటాను. బీచ్ రోడ్డులో వాకింగ్ చేసే మా బ్యాచ్ కోసం ఒకప్పుడు నేనో ఫోరమ్ పెట్టాను. మూడు నెలల్లో మొత్తం 14 పోస్టులొచ్చాయి, అందులో తొమ్మిది నావే. తర్వాత దాని మొహం చూడటం మానేశాను. ఆరు నెలలకి తెరిచి చూస్తే ఊరూపేరూ లేని ఖాతాలు వందల్లో చేరి పేకాట ప్రకటనలతో నింపేశాయి. పాతిక మంది పొద్దున్నే ఎదురెదురుగా కనపడేచోట ఫోరమ్ ఎందుకసలు!

మీ సంగతి అది కాదు. మీ దగ్గర ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తున్నాయి, వాటికి నిఖార్సైన జవాబులూ ఉన్నాయి. ఫోరమ్ నిలబడటానికి కావలసింది అదే. ఫోరమ్ నడపడానికి డిస్కోర్స్ అని 2013లో వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉంది, ఓపెన్ సోర్స్ (దాని కోడ్ ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు), ఉచితం. కొత్త ప్రశ్నకి శీర్షిక టైపు చేస్తుంటే అలాంటి పాత ప్రశ్నలు పక్కనే చూపిస్తుంది, కొత్త ఖాతాలకి మొదట్లో పరిమితులుంటాయి కాబట్టి స్పామ్ తక్కువ, పబ్లిక్‌గా ఉంచితే గూగుల్‌లోనూ దొరుకుతుంది. ఉచితమన్నది సాఫ్ట్‌వేర్ వరకే. సర్వర్ (ఫోరమ్‌ని ఎప్పుడూ ఆన్‌లో ఉంచే కంప్యూటర్) అద్దె, డొమైన్ పేరు (వెబ్ చిరునామా) ఖర్చు మీవే. సర్వర్‌కి కనీసం 1 జీబీ ర్యామ్ కావాలి, 2 జీబీ ఉంటే హాయి. అసలు తలనొప్పి ఫోరమ్ నుంచి సభ్యులకి ఈమెయిళ్లు వెళ్లేలా సెట్ చెయ్యడం, ఆ పని మీ అబ్బాయికి అప్పజెప్పండి.

అందరినీ అక్కడికి తరలించే ప్రయత్నం మాత్రం చెయ్యొద్దు, రారు. గ్రూపు గ్రూపులాగే ఉండనివ్వండి. మీరో, ఓపికున్న మరో ఇద్దరో ప్రతి ఆదివారం కూర్చుని ఆ వారంలో వచ్చిన మంచి జవాబులు నాలుగైదు ఫోరమ్‌లో ఎక్కించండి, రాసినవాళ్లని అడిగి వాళ్ల పేరుతోనే. శీర్షిక మాత్రం మీరే పెట్టండి: ‘ఆనపకాయ (సొరకాయ) పిందెలు రాలడం’ అని, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకటి రెండు స్పెల్లింగులు కూడా కలిపి. వాయిస్ మెసేజ్ అయితే విని రాయాలి, తప్పదు. ఈసారి ఎవరైనా గ్రూపులో అడిగితే లింకు పడేస్తే చాలు. మీ పెద్దమనిషి మళ్లీ నోరు విప్పుతారేమో చూడండి.

ఆదివారాలు కూర్చునే ఆ ఇద్దరు దొరక్కపోతే సర్వర్‌కి డబ్బు కట్టకండి. ఒక గూగుల్ డాక్ తెరిచి అందులోనే రాసుకుంటూ, దాని లింకు గ్రూపు వివరాల్లో పెట్టండి. అది మూడు నెలలు నడిస్తే అప్పుడు ఫోరమ్.

ప్రశ్న: ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. మా కోడింగ్ క్లబ్ స్లాక్ అనే చాట్ యాప్ ఉచిత ప్లాన్‌లో ఉంది. సీనియర్లు రాసినవి కనిపించడం లేదు.

జవాబు: ఉచిత ప్లాన్‌లో 90 రోజులు దాటినవి దాచేస్తుంది, ఏడాది దాటినవి తీసేస్తుంది. ఏడాది లోపువైనా దక్కించుకోవాలంటే త్వరపడండి. మారేటట్టయితే జూలిప్ చూడండి. చాటే, కానీ ప్రతి మెసేజ్ ఏదో ఒక టాపిక్ కింద ఉంటుంది కాబట్టి పరీక్షలయ్యాక వచ్చినవాడు కూడా తనకి కావలసింది మాత్రమే చదువుకోవచ్చు. ఇదీ ఓపెన్ సోర్సే. సొంత సర్వర్‌లో పెట్టుకుంటే పాత మెసేజ్‌లకి హద్దు లేదు. కాలేజీ ల్యాబ్‌లో ఖాళీగా పడున్న మెషిన్ ఒకటి అడిగి చూడండి.

ప్రశ్న: మధురవాడలో 96 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ మాది. నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందో పెట్టిన మెసేజ్ గొడవల మధ్య కనపడటం లేదు. ఫోరమ్ పెట్టుకోవాలా?

జవాబు: అక్కర్లేదండీ. అడ్మిన్లు మాత్రమే రాసే గ్రూపు ఇంకొకటి పెట్టి ట్యాంకరు, లిఫ్టు, మెయింటెనెన్స్ సంగతులు అందులో వెయ్యండి. గొడవలకి పాత గ్రూపు ఉంది కదా.