టెక్ సందేహాలు: బాట్ టోకెన్ పేజీలో పెడితే ఇంటి తాళంచెవి గుమ్మానికి వేలాడదీసినట్టే

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. సీజన్‌లో తోతాపురి కాయలు తోలుకుపోయిన ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు రోజుల తరబడి లైన్లో ఉంటాయి. ఎవరి బండి ఎప్పుడు లోపలికి పోతుందో రైతులు ఫోన్‌లో చూసుకునేలా టెలిగ్రామ్ మినీ యాప్ (టెలిగ్రామ్ లోపలే తెరుచుకునే వెబ్ పేజీ) చేశాను. నా లాప్‌టాప్‌లో బాగా పనిచేస్తోంది. నాన్న ఫోన్‌లో తెరిస్తే తెల్ల తెర తప్ప ఏమీ రావడం లేదు. కోడ్ పంపుతున్నాను, చూడండి సార్.

తెల్ల తెర సంగతి తర్వాత. ముందు టెలిగ్రామ్‌లో బాట్‌లను నమోదు చేసే బాట్‌ఫాదర్ తెరిచి, మీ బాట్ (యాప్‌ను నడిపే ఆటోమేటిక్ ఖాతా) టోకెన్ రివోక్ చేసి, అంటే ఆ రహస్య సంకేతాన్ని రద్దు చేసి, కొత్తది తీసుకోండి. చదవడం ఆపి ఆ పని చేసి రండి.

మీరు పంపిన జావాస్క్రిప్ట్ ఫైల్లో మొదట్లోనే టోకెన్ ఉంది. కొన్ని అంకెలు, ఒక కోలన్, దాని వెనక పొడవాటి అక్షరాల వరస. ఈ ఏడాది మినీ యాప్ గురించి నాకు వచ్చిన ప్రతి ఉత్తరంలోనూ ఇదే తప్పు. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఇచ్చే టోకెన్ పోతే ఒక్క బండి ఆగుతుంది. బాట్ టోకెన్ పోతే బాటే పోతుంది. అది చేతిలో ఉన్నవాడు మీ బాట్‌ను స్టార్ట్ చేసిన రైతులకు మీ బాట్ పేరుతోనే మెసేజ్ పంపగలడు. రైతులు బాట్‌కు రాసేవన్నీ తన సర్వర్‌కు మళ్లించుకోగలడు. అన్నిటికన్నా నన్ను భయపెట్టేది మరొకటి: చాట్ కింద ఉండే మెనూ బటన్ ఏ వెబ్‌సైట్‌ను తెరవాలో కూడా ఆ టోకెన్‌తోనే మార్చేయవచ్చు. రైతు రోజూ నొక్కే బటనే నొక్కుతాడు. పైన మీ బాట్ పేరే ఉంటుంది. లోపల మాత్రం బ్యాంకు వివరాలు అడిగే దొంగ పేజీ తెరుచుకుంటుంది. మీకు తెలియడానికి ఎన్ని రోజులు పడుతుందో ఆలోచించండి.

ఫోన్‌లోని బ్రౌజర్‌కు చేరిన కోడ్ ఏదైనా అందరూ చదవగలిగిందే. టోకెన్ సర్వర్‌లో మాత్రమే ఉండాలి, అక్కడ కూడా కోడ్‌లో కాకుండా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (కోడ్‌కు బయట సర్వర్ సెట్టింగుల్లో ఉంచే విలువ). కోడ్‌ను గిట్‌హబ్‌లో పెట్టారు కాబట్టి ఇంకో మాట. ఫైల్లో ఆ లైను తీసేసి మళ్లీ కమిట్ చేస్తే, అంటే మార్పును గిట్‌హబ్ చరిత్రలో భద్రపరిస్తే, సరిపోదు, పాత కమిట్‌లలో అది అలాగే ఉంటుంది. అందుకే ముందు రివోక్ చేయమన్నాను.

ఇప్పుడు తెల్ల తెర. మీ పేజీ గిట్‌హబ్ వాళ్ల ఉచిత హోస్టింగ్ గిట్‌హబ్ పేజెస్‌లో ఉంది, హెచ్‌టీటీపీఎస్ (సురక్షిత కనెక్షన్) ఉంది, అంతవరకు బాగుంది. కానీ ఆ పేజీ డేటా కోసం లోకల్‌హోస్ట్‌ను పిలుస్తోంది. లోకల్‌హోస్ట్ అంటే పేజీ ఏ పరికరంలో తెరిస్తే ఆ పరికరమే. మీ లాప్‌టాప్‌లో తెరిస్తే అక్కడ మీ సర్వర్ నడుస్తోంది కాబట్టి జవాబు వస్తుంది. నాన్న ఫోన్‌లో తెరిస్తే అది ఆ ఫోన్‌నే అడుగుతుంది, అక్కడ ఏ సర్వరూ లేదు. డేటా రాకపోతే ఏం చేయాలో కోడ్‌లో రాయలేదు గనక తెర తెల్లగా మిగిలింది. సర్వర్‌ను ఏదైనా హోస్టింగ్‌లో పెట్టి, దానికీ హెచ్‌టీటీపీఎస్ ఉండేలా చూసి, ఆ చిరునామా ఇవ్వండి. పరీక్షించేంతవరకే అయితే లాప్‌టాప్‌లోని సర్వర్‌కు తాత్కాలికంగా బయటి చిరునామా ఇచ్చే ఎన్‌గ్రోక్ లాంటి టన్నెల్ చాలు. సీజన్ మధ్యలో రైతులకు మాత్రం టన్నెల్ ఇవ్వకండి. మీరు లాప్‌టాప్ మూసి కాలేజీకి పోతే యాప్ ఆగిపోతుంది.

డేటాబేస్‌లో యూజర్ ఐడీని 32 బిట్ల పూర్ణసంఖ్యగా పెట్టారు, అదీ మార్చండి. టెలిగ్రామ్ ఐడీలు అందులో పట్టవు, 64 బిట్లు కావాలి. పాత ఖాతాలతో పరీక్షిస్తే ఈ లోపం బయటపడదు. కొత్తగా టెలిగ్రామ్‌లో చేరిన రైతు దగ్గరే ఆగిపోతుంది.

ప్రశ్న: తిరుపతిలో మాకు చిన్న లాడ్జి ఉంది. గదుల బుకింగ్‌కు ఒక కుర్రాడితో టెలిగ్రామ్ మినీ యాప్ చేయించాం. ఆధార్ ఫొటో కూడా అందులోనే తీసుకుంటాం. ఈమధ్య తాము బుక్ చేయలేదని కస్టమర్లు గొడవ పడుతున్నారు, రికార్డులో మాత్రం వాళ్ల పేరే ఉంది. టెన్షన్‌గా ఉంది.

మీ టెన్షన్‌కు కారణం ఉంది. యాప్ తెరిచినప్పుడు టెలిగ్రామ్ ఆ మనిషి వివరాలను రెండు రూపాల్లో ఇస్తుంది. ఒకటి ఇనిట్‌డేటా, అది నిజంగా టెలిగ్రామ్ నుంచే వచ్చిందని తేల్చుకోవడానికి దాంట్లో హ్యాష్ ముద్ర ఉంటుంది. రెండోది ఇనిట్‌డేటా అన్‌సేఫ్. పేరులోనే అన్‌సేఫ్ అని హెచ్చరిక పెట్టి మరీ ఇచ్చారు. మీ కుర్రాడు ఆ రెండోదాన్నే సర్వర్‌కు పంపి, వచ్చిన ఐడీని నమ్మేస్తున్నట్టున్నాడు. అలాగైతే ఎవరైనా అందులో వేరొకరి ఐడీ రాసి పంపి గది బుక్ చేయగలరు.

చేయాల్సింది ఇది. ఇనిట్‌డేటా మొత్తాన్ని సర్వర్‌కు పంపాలి. సర్వర్ అందులోంచి హ్యాష్‌ను పక్కన పెట్టి, మిగతా అంశాలను అక్షర క్రమంలో ఒక్కో లైనుగా పేర్చాలి. 'వెబ్‌యాప్‌డేటా' అనే ఇంగ్లిష్ మాటను తాళంచెవిగా (కీ) వాడి, బాట్ టోకెన్ మీద హెచ్‌మ్యాక్ షా-256 అనే ముద్ర లెక్క కట్టాలి. వచ్చినదాన్ని తాళంచెవిగా వాడి పేర్చిన లైన్ల మీద అదే లెక్క ఇంకోసారి కట్టాలి. హ్యాష్‌తో సరిపోతేనే బుకింగ్ తీసుకోవాలి. ఇనిట్‌డేటా ఎప్పుడు తయారైందో చెప్పే ఆథ్ డేట్ కూడా చూసి, పాతబడినదైతే తిప్పి పంపాలి. ఆ కుర్రాడికి ఇది ఒక పూట పని. చేసేదాకా యాప్ ఆపేయండి.

ఆధార్ ఫొటోలు మాత్రం వద్దే వద్దు. బాట్‌తో జరిగే చాట్‌కు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (పంపినవారు, అందుకున్నవారు తప్ప మధ్యలో ఎవరూ చదవలేని రక్షణ) ఉండదు. బాట్‌కు వచ్చిన ఫైలును దించుకోవడానికి టోకెన్ చాలు. అది ఎవరికైనా చిక్కితే, అప్పటినుంచి వచ్చే ప్రతి ఆధార్ ఫొటో వాళ్ల చేతికి చేరుతుంది. గుర్తింపు కార్డు కౌంటర్ దగ్గర చూడండి. ముందే కావాలంటే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ అడగండి.

లాడ్జి మాట వచ్చింది కాబట్టి నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న విషయం చెబుతాను. మెసేజింగ్ యాప్‌ల లోపల తెరుచుకునే ఈ పేజీలకు అడ్రస్ బార్ ఉండదు. పైన ఒక పేరు కనిపిస్తుంది, ఆ పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. మామూలు బ్రౌజర్‌లో అయితే చిరునామా చూడండి అని చెప్పగలం. దర్శనం టికెట్లకు టీటీడీ సొంత వెబ్‌సైట్ చిరునామా చివర ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ అని ఉంటుంది, అది లేకపోతే డబ్బు కట్టకండి అని చెప్పగలం. ఇక్కడ చూడమని చెప్పడానికే ఏమీ లేదు. తిరుపతి బస్టాండ్ ఎదురుగా టీటీడీ వసతి గృహం శ్రీనివాసం దగ్గర ఒక పెద్దాయన ఫోన్ చూపించి, ఈ టికెట్ నిజమైనదేనా బాబూ అని అడిగారు. ఎంత వెతికినా ఆ పేజీ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేకపోయాను. ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉన్న నాకే తెలియనప్పుడు, ఊరుకాని ఊరొచ్చిన ఆయనకు ఎలా తెలుస్తుంది? తెర మీద ఒక్క లైను జాగా మిగుల్చుకోవడానికి ఆ చిరునామాను దాచేశారు. దాన్ని తిరిగి పెట్టాలి, ఆఫ్ చేసే వీలు లేకుండా పెట్టాలి. అంతవరకు లాడ్జిల వాళ్లు, ట్రావెల్స్ వాళ్లు మినీ యాప్‌ను ఖాళీలు చూపించడానికే వాడండి, డబ్బు కౌంటర్ దగ్గర తీసుకోండి.

ప్రశ్న: మినీ యాప్‌లో మార్పులు చేసి అప్‌లోడ్ చేసినా ఫోన్‌లో పాతదే కనిపిస్తోంది. (శ్రీకాళహస్తి నుంచి)

క్యాష్ వల్ల, అంటే ఫోన్ తన దగ్గర దాచుకున్న పాత కాపీ వల్ల. జావాస్క్రిప్ట్, సీఎస్ఎస్ ఫైళ్ల పేర్లలో వెర్షన్ నంబరు చేర్చి, అప్‌లోడ్ చేసిన ప్రతిసారీ మార్చండి. అప్పటికీ పాతదే వస్తే బాట్‌ఫాదర్‌లో ఇచ్చిన చిరునామా చివర కూడా ఒక నంబరు తగిలించండి. స్క్రీన్‌షాట్ పంపేటప్పుడు టోకెన్ కనిపించకుండా చెరిపి పంపండి. మీరు పంపినదాంట్లోనూ ఉంది.