ఆటోమేషన్ వచ్చాక మెరైన్ ఇంజినీర్ ఉద్యోగాలు ఉంటాయా?

మీ తమ్ముడు బీటెక్ మెకానికల్ అయ్యాక మర్చంట్ నేవీకి వెళ్దామనుకుంటున్నాడనీ, మనుషుల్లేని ఓడలు వచ్చేస్తే తన గతేంటని ఇంట్లో టెన్షన్ పడుతున్నారనీ రాశారు. నేను వైజాగ్ వాణ్ని, సెకండ్ ఇంజినీర్‌గా చేస్తున్నాను. ఉద్యోగాలు పోవండీ. కానీ కాలేజీలో నేర్చిన మెకానికల్ ఒక్కదానితోనే నెట్టుకురావడం ఇక కష్టం.

మనుషుల్లేని ఓడ అనగానే అందరూ నార్వేలోని యారా బిర్కెలాండ్ పేరు చెబుతారు. అది 120 కంటైనర్లు పట్టే చిన్న బ్యాటరీ ఓడ. 2022 నుంచి ఎరువుల ఫ్యాక్టరీకీ, దగ్గర్లోని రేవుకీ మధ్య తిరుగుతోంది. సముద్రాలు దాటే ఓడ సంగతి వేరు. నడిసముద్రంలో ఇంజిన్ ఆగితే బయటి నుంచి మెకానిక్ రాడు, ఉన్నవాళ్ళే చూసుకోవాలి.

మారింది ఆ చూసుకునే పద్ధతి. ఇప్పుడు నేను పనిచేసే ఓడలో మెయిన్ ఇంజిన్‌కు అసలు క్యామ్‌షాఫ్టే (తిరుగుతూ వాల్వ్‌లను తెరిపించే కడ్డీ) లేదు. ఇంధనం ఎప్పుడు కొట్టాలో, ఎగ్జాస్ట్ వాల్వ్ ఎప్పుడు తెరవాలో కంప్యూటర్ చెబుతుంది, హైడ్రాలిక్ ఆయిల్ ఆ పని చేస్తుంది. ఆమధ్య ఒక సిలిండర్ ఎగ్జాస్ట్ టెంపరేచర్ ఉన్నట్టుండి పడిపోయింది. స్క్రీన్ మీద వాల్వ్ ఫీడ్‌బ్యాక్ అలారం, అంటే వాల్వ్ కదలిక గురించి సిగ్నల్ సరిగా రావడం లేదని. జూనియర్ వెంటనే స్పానర్లు తెచ్చి వాల్వ్ మార్చేద్దామన్నాడు. ముందు డ్రాయింగ్ తీసి ఆ సిగ్నల్ ఏ టెర్మినల్ నుంచి ఎక్కడికి వెళ్తుందో చూశాం. మల్టీమీటర్ పెడితే కంట్రోలర్ దాకా సిగ్నల్ రావడం లేదు. ఇంజిన్ ఆపి వాల్వ్ దగ్గర కేబుల్ ప్లగ్ విప్పాం. లోపల ఆయిల్ దిగి ఉంది, వైబ్రేషన్‌కు ఒక పిన్ వదులైపోయింది. తుడిచి, సరిచేసి బిగిస్తే ఇంజిన్ మామూలుగా నడిచింది. వాల్వ్‌ను ముట్టుకోవాల్సిన పనే పడలేదు.

అందుకే డ్రాయింగ్ చదవడం, సెన్సర్లు, పీఎల్‌సీ (యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్), హైడ్రాలిక్స్ ఇప్పటి నుంచే నేర్చుకోమనండి. అలాగని లేత్, వెల్డింగ్ వదలొద్దు. కొత్తగా వచ్చే పిల్లల్లో నన్ను బాగా కలవరపెట్టేది ఇదే: స్క్రీన్ మీద అంతా పచ్చగా ఉంటే పంపు దగ్గరకే వెళ్ళరు. బేరింగ్ శబ్దం మారడం చాలాసార్లు అలారం కంటే ముందే చెవికి తెలుస్తుంది.

ఇంధనం కూడా మారుతోంది. 2020లో ఓడల ఇంధనంలో సల్ఫర్ పరిమితిని 3.5 శాతం నుంచి 0.5కు తగ్గించారు. ఇప్పుడు ఎల్‌ఎన్‌జీ (ద్రవరూప సహజవాయువు), మెథనాల్‌తో నడిచే ఓడలు వస్తున్నాయి. వాటిమీద ఇంజినీర్‌గా పనిచేయాలంటే ఐజీఎఫ్ ట్రైనింగ్ (ఇలాంటి ఇంధనాలతో భద్రంగా పనిచేయడం నేర్పే శిక్షణ) తప్పనిసరి. అది ముందే చేసి ఉంటే చాలా మేలు.

పోయిన పనులూ ఉన్నాయి. బ్రిడ్జి మీద, అంటే ఓడ నడిపే గదిలో, కాగితం చార్టులు దిద్దే పని ఈసీడీఐఎస్ (సముద్ర పటాలను స్క్రీన్ మీద చూపే వ్యవస్థ)తో దాదాపు పోయింది. చాలా ఓడల్లో రాత్రిపూట ఇంజిన్ రూమ్‌లో ఎవరూ ఉండరు, అలారం మన క్యాబిన్‌లో మోగుతుంది. మరోపక్క ఓడలోని కరెంటు, ఎలక్ట్రానిక్స్ చూసుకునే ఎలక్ట్రో టెక్నికల్ ఆఫీసర్‌కు గిరాకీ పెరిగింది. ఇంట్లో ఎలక్ట్రికల్ చదివేవాళ్ళుంటే ఆ దారి గట్టిగా చెబుతాను.

మీ తమ్ముడికి ఏడాది జీఎంఈ (గ్రాడ్యుయేట్ మెరైన్ ఇంజినీరింగ్) కోర్సు సరిపోతుంది. కాలేజీకి డీజీ షిప్పింగ్ (కేంద్ర ప్రభుత్వ నౌకాయాన శాఖ) ఆమోదం ఉందో లేదో ముందు చూడండి. కోర్సు తర్వాత ఓడ ఎక్కిస్తామని ఒక షిప్పింగ్ కంపెనీ స్పాన్సర్‌షిప్ లెటర్ చేతికిచ్చాకే ఫీజు కట్టండి. ఏజెంట్ మాట నమ్మి కట్టి, కోర్సు అయ్యాక ఏళ్ళ తరబడి ఓడ దొరక్క తిరుగుతున్న కుర్రాళ్ళు మా ఊళ్ళోనే ఉన్నారు.