పాస్‌బుక్‌లో 2.15 అంటే 15 గుంటలు, సెంట్లు కాదండీ

జనగామ దగ్గర మీ అమ్మగారి పొలానికి పాస్‌బుక్‌లో 2.15 అని ఉందని, గుంటూరు బావగారు దాన్ని 2 ఎకరాల 15 సెంట్లుగా లెక్కేశారని రాశారు కదా. టెన్షన్ పడకండి, పొలం ఎక్కడికీ పోలేదు. తెలంగాణ పాస్‌బుక్‌లో చుక్క తర్వాత ఉండేవి గుంటలు. ఆంధ్రలో సెంట్లు రాస్తారు కాబట్టి ఆయన అలవాటు కొద్దీ అలా చదివారు.

ఎకరానికి 40 గుంటలు, లేదా 100 సెంట్లు. అంటే గుంటకి రెండున్నర సెంట్లు. మీ 15 గుంటలు ముప్పై ఏడున్నర సెంట్లవుతాయి. గజాల్లో చూస్తే గుంట 121 గజాలు. మీది మొత్తం 95 గుంటలు, అంటే 11,495 గజాలు. బావగారి లెక్కలో 10,406 గజాలే వస్తాయి. 1,089 గజాల తేడా, అక్షరాలా 9 గుంటలు! అమ్మేటప్పుడు ఈ పొరపాటు జరిగితే ఎంత నష్టమో చూడండి.

కూడేటప్పుడు ఇంకా జాగ్రత్త. మా ఇంట్లో పంపకాలప్పుడు 1.25, 1.20 రెండు ముక్కల్నీ క్యాలిక్యులేటర్‌లో కొట్టి 2.45 అన్నారు. గుంటలు విడిగా కూడాలి: 25, 20 కలిపితే 45, అంటే ఎకరం 5 గుంటలు. మొత్తం 3.05. గుంటల లెక్కలో చుక్క తర్వాత 39 దాటి అంకె రాదు.

అగ్రిమెంట్‌లో మాత్రం చుక్క పెట్టనివ్వకండి. "రెండు ఎకరాల పదిహేను గుంటలు" అని అక్షరాల్లో రాయించి, పక్కన గజాలు కూడా వేయించండి.