డాక్టరుగారూ, బరువు గురించి మళ్లీ ఎప్పుడు చదివారు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బరువు గురించే. మూడింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. మొదటిది ఒక డాక్టరు రాసినది, దానికే ఎక్కువ చోటు పోయింది. మిగతావాళ్లు ఏమీ అనుకోకండి, అందులో ఉన్నది మీకూ పనికొస్తుంది.

ప్రశ్న: మేడమ్, ఎంబీబీఎస్ చేసి గాజువాకలో తొమ్మిదేళ్లుగా క్లినిక్ నడుపుతున్నాను. ఇప్పుడు రోజూ ఇద్దరు ముగ్గురైనా బరువు తగ్గే ఇంజెక్షన్ రాయమని అడుగుతున్నారు. కాలేజీలో ఊబకాయం గురించి ఒకటో రెండో క్లాసులు విన్నట్టు గుర్తు. సీఎమ్‌ఈకి (డాక్టర్లు చదువు కొనసాగించడానికి పెట్టే క్లాసులకి) వెళితే స్లైడ్లు, భోజనం, సర్టిఫికెట్, అంతే. నిజంగా నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? (పేరు వద్దన్నారు)

జవాబు: దాచుకోకుండా అడిగారు, ముందు అందుకు నమస్కారం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో మన రాష్ట్రంలో 36.3 శాతం ఆడవాళ్లు, 31.1 శాతం మగవాళ్లు ఉండాల్సినదానికంటే ఎక్కువ బరువున్నారు. అంటే మీ క్లినిక్ బయట బెంచీ మీద కూర్చున్న ముగ్గురిలో ఒకరు. ఇంతమందికి ఉన్న జబ్బు గురించి మనకి చెప్పింది ఒకటి రెండు క్లాసులు, అది మీ తప్పు కాదు, కానీ ఇక మీదట చదవకపోతే మాత్రం మనదే.

నేను చదువు పూర్తిచేసిన కొత్తలో చేపలమ్ముకునే ఒకావిడ ఓపీకి వచ్చింది. బుట్టలు మోసిన చేతులు, బలంగా, లావుగా ఉన్నాయి. బీపీ కఫ్ చుట్టి గాలి కొడుతుంటే సగంలోనే పట్టీ చర్రున ఊడిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి పట్టీని అరచేత్తో అదిమిపట్టి చూస్తే పై అంకె 170 దాటింది. రెండు రకాల మాత్రలు రాశాను, పైగా ‘ముందు నోరు కట్టుకోమ్మా’ అన్నాను. ఆవిడ తల దించుకుని చీటీ తీసుకుని వెళ్లిపోయింది. రెండు వారాలకి కళ్లు తిరిగి పడిపోయిందని కూతురు తీసుకొచ్చింది. పక్క వార్డు నుంచి పెద్ద కఫ్ తెప్పించి చూస్తే బీపీ 100 కూడా లేదు. చేతికి చాలని కఫ్ ఎక్కువ చూపిస్తుందని నేను చదువుకున్న సంగతే. ఎంత ఎక్కువో 2023లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధనలో లెక్క తేలింది: బాగా పెద్ద కఫ్ కావలసినవాళ్లకి మామూలు కఫ్ కడితే పై అంకె సగటున దాదాపు 20 ఎక్కువ వచ్చింది. ఆ 20 నా చీటీ మీద ఒక మాత్ర అయింది. ఆవిడ మళ్లీ నా దగ్గరకి రాలేదు, నేనన్న మాట మాత్రం నాకింకా వినిపిస్తూనే ఉంది.

అందుకే మీ చదువు మీ గదిలోంచే మొదలుపెట్టమంటాను. పెద్ద కఫ్ ఒకటి కొనండి. చేతులు లేని గట్టి కుర్చీ ఒకటి వేయించండి. బరువు చూసే మిషన్ నలుగురూ చూసేలా వరండాలో ఉంటే లోపలికి మార్చండి. టేపు ఒకటి ఎప్పుడూ టేబుల్ మీద ఉండాలి, ఎందుకంటే మనవాళ్ల విషయంలో తూకం ఒక్కదాన్నే నమ్ముకుంటే మోసపోతాం. పూణేకి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌కి చెందిన జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడిన ఫొటో ఒకటి 2004లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం! చూడ్డానికి సన్నగా ఉండి లోపల కొవ్వు పేరుకునే శరీరం మనది. అందుకే మనకి బీఎంఐ 23 దాటగానే జాగ్రత్తపడాలని, 25 నుంచి ఊబకాయమని, నడుం చుట్టుకొలత మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటకూడదని మనదేశపు నిపుణులు ఎప్పుడో చెప్పారు. 2025 జనవరిలో లాన్సెట్ కమిషన్ (ఆ పత్రిక కూర్చిన నిపుణుల బృందం) ఇంకో మెట్టు ఎక్కింది. బీఎంఐ ఒక్కటీ చూసి జబ్బు అనకండి, ఆ కొవ్వు వల్ల గుండెకో, కాలేయానికో, కీళ్లకో, ఊపిరికో, రోజువారీ పనులకో ఇబ్బంది మొదలైందా లేదా చూసి రెండు రకాలుగా విడదీయండి అంది. మీరు ముందు చదవాల్సింది అదే, ఎవరికి మందు కావాలో, ఎవరిని కనిపెట్టుకుని ఉంటే చాలో తేల్చుకోవడానికి అది దారి చూపిస్తుంది.

ఇక ఇంజెక్షన్లు. మందుల కంపెనీ రెప్ చూపించే స్లైడ్ మీద ఎంత శాతం బరువు తగ్గిందన్న అంకె ఒక్కటే ఉంటుంది, మీరు అసలు పరిశోధన పేపరు తెరిచి ఎవరికి ఇచ్చారు, ఎంతకాలం ఇచ్చారు, ఆపాక ఏమైంది, డబ్బు ఎవరు పెట్టారు, ఈ నాలుగూ వెతకండి. సెమాగ్లుటైడ్ అనే ఇంజెక్షన్ మీద 2021లో వచ్చిన స్టెప్-1 అనే పరిశోధన చూడండి: 1,961 మంది, 68 వారాలు, మందు తీసుకున్నవాళ్లు సగటున 14.9 శాతం తగ్గారు, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లు 2.4 శాతం. రెండు గుంపులకీ తిండి, వ్యాయామం గురించి సలహా ఇస్తూనే ఉన్నారు, ఆ సంగతి స్లైడ్ మీద కనపడదు. ఆపిన ఏడాదికి తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగొచ్చేసింది. అదే మందు మీద 2023లో వచ్చిన ఇంకో పరిశోధన సెలెక్ట్‌లో 17,604 మందికి గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బుతో చావు లాంటివి 20 శాతం తగ్గాయి, నిజంగా గొప్ప ఫలితం. కాకపోతే వాళ్లందరికీ అప్పటికే గుండె జబ్బో, రక్తనాళాల జబ్బో ఉంది, షుగర్ లేదు. పెళ్లి ఫొటోలకి పది కిలోలు తగ్గాలనే అమ్మాయికి ఆ లెక్క వర్తించదు. 2025లో టిర్జెపటైడ్ అనే ఇంకో ఇంజెక్షన్‌ని సెమాగ్లుటైడ్‌తో నేరుగా పోల్చినప్పుడు 72 వారాలకి బరువు మొదటిదానితో 20.2 శాతం, రెండోదానితో 13.7 శాతం తగ్గింది. ఆ పరిశోధనకి డబ్బు పెట్టింది టిర్జెపటైడ్ తయారుచేసే కంపెనీ. అంతమాత్రాన ఫలితం అబద్ధం అయిపోదు, తెలిసి చదవాలి, అంతే.

రిమోనబంట్, సిబుట్రమిన్ పేర్లు మీ తరం విని ఉండకపోవచ్చు. రెండూ బరువు తగ్గే మాత్రలే, రెంటినీ ఎంతో ఉత్సాహంగా రాసేవాళ్లు. మొదటిది మనసుని కుంగదీసి ఆత్మహత్య ఆలోచనల దాకా తీసుకెళ్తోందని 2009లో, రెండోది గుండెకి ముప్పని 2011లో మనదేశంలో నిషేధించారు. ఇప్పటి మందులు వాటికంటే చాలా గట్టి పరీక్షలు దాటి వచ్చాయి, నేనూ రాస్తున్నాను. కానీ ఆ చరిత్ర తెలిసిన డాక్టరు వాంతులు, పిత్తాశయంలో రాళ్లు, క్లోమం వాపు, కండ కరగడం గురించి పేషెంటు అడగకముందే చెప్తాడు.

ఐదేళ్లకి 30 సీఎమ్‌ఈ క్రెడిట్ గంటలు ఎలాగూ చెయ్యాలి కదా, వాటిని స్పాన్సర్ భోజనాలకి వదిలెయ్యకండి. గాజువాక, కూర్మన్నపాలెం వైపు మీలాంటి డాక్టర్లు నలుగురు కలిసి నెలకో ఆదివారం పొద్దున ఒక పేపరు, తలా ఒక కేసు పెట్టుకుని కూర్చోండి. మొదటి నెల ఒక్క పని చెయ్యండి: మీ పేషెంట్ల పాత చీటీలు తీసి బరువు పెంచే మందులు ఎన్ని ఉన్నాయో వెతకండి. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్, వాల్‌ప్రోయేట్, ఓలాంజపిన్, మిర్టజపిన్, స్టెరాయిడ్లు... మనమే రాసి, మనమే తగ్గమంటున్న సందర్భాలు చాలా కనిపిస్తాయి.

ప్రశ్న: మోకాలి నొప్పి అన్నా, దగ్గు అన్నా ప్రతి డాక్టరూ ‘ముందు బరువు తగ్గండి’ అంటారు. తగ్గుతాను, మళ్లీ పెరుగుతాను. సిగ్గేసి ఆస్పత్రికి వెళ్లడమే మానేశాను. ఈ విషయం తెలిసిన డాక్టరని ఎలా గుర్తుపట్టాలి? (గృహిణి, 46, సీతమ్మధార)

జవాబు: అమ్మా, మళ్లీ పెరగడం మీ చేతగానితనం కాదు. అమెరికాలో ఒక టీవీ పోటీలో విపరీతంగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షిస్తే, వాళ్ల ఒళ్లు ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చుపెట్టే శక్తి ఉండాల్సినదానికంటే రోజుకి దాదాపు 500 కేలరీలు తక్కువుంది. పోయిన బరువుని వెనక్కి తెచ్చుకోవాలని శరీరమే పోరాడుతుంది, ఆకలీ పెంచుతుంది.

తెలిసిన డాక్టరు ముందు మీ మోకాలు చూస్తారు, దగ్గు వింటారు. ఆ తర్వాత ‘బరువు గురించి మాట్లాడదామా’ అని మిమ్మల్ని అడుగుతారు. నిద్ర, గురక, వాడే మందులు, నెలసరి, మనసు ఎలా ఉంది, ఇదివరకు ఏం ప్రయత్నించారు, ఇవన్నీ అడుగుతారు, నడుం కొలుస్తారు. థైరాయిడ్ తక్కువైతే మామూలుగా పెరిగేది నాలుగైదు కిలోలే కాబట్టి అన్నిటికీ దాన్నే కారణం చెప్పరు. నెలకి పది కిలోలని మాట ఇవ్వరు. దయచేసి ఆస్పత్రికి వెళ్లడం మానకండి, ఆ మోకాలు ఈ వారమే చూపించుకోండి.

ప్రశ్న: ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. 108 కిలోలు, షుగర్ మాత్రలు వాడుతున్నాను. స్నేహితుడు చీటీ లేకుండా ఇంజెక్షన్ తెప్పిస్తానంటున్నాడు, తీసుకోవచ్చా? (51, కూర్మన్నపాలెం)

జవాబు: వద్దు. మీరు వాడే షుగర్ మాత్ర గ్లిమిపిరైడ్ రకానిదైతే రెండూ కలిసి డ్యూటీలో ఉండగానే షుగర్ పడిపోవచ్చు, కొలిమి దగ్గర పనిచేసేవాళ్లయితే అది ఎంత ప్రమాదమో మీకే తెలుసు. మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఇంట్లో ఎవరికైనా ఉంటే ఈ మందు మొదలుపెట్టకూడదు, క్లోమం వాపు ఇదివరకు వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పాలి. డాక్టరు చూసి, చిన్న డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచాల్సిన మందు ఇది. వెళ్లేటప్పుడు వాడే మందులన్నీ సంచిలో పట్టుకెళ్లండి, నైట్ షిఫ్టు వారంలో ఏ టైముకి ఏం తిన్నారో, ఎంతసేపు పడుకున్నారో కాగితం మీద రాసుకోండి. మీ ఆవిడని కూడా తీసుకెళ్లండి, నిద్రలో మీకు గురక మధ్యలో ఊపిరి ఆగుతోందా లేదా అన్నది ఆవిడే చెప్పగలరు.