గడగడా చదువుతారు, అర్థం చెప్పలేరు

ప్రశ్న: ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఇంగ్లిష్ బోధిస్తున్నాను. ఎనిమిదో తరగతి పిల్లలు పాఠాన్ని తడబడకుండా పైకి చదువుతారు గాని, ఏం చదివారో అడిగితే మౌనం వహిస్తారు. ఏం చేయాలి?
– ఒక ఉపాధ్యాయిని, పార్వతీపురం

జవాబు: గుణింతాలూ ఒత్తులూ వచ్చిన తెలుగు పిల్లలు ఏ మాటనైనా కూడబలుక్కోగలరు, పలికిన మాట ఇంట్లో విన్నదే కాబట్టి అర్థమూ వెంటనే స్ఫురిస్తుంది, ఇంగ్లిష్‌లో అయితే మాట చెవికే కొత్త గనుక పలకడం దగ్గరే పని ఆగిపోతుంది. తనిఖీకి వచ్చినవారికి వినిపించేది కూడా ఆ పలకడమే కదా!

తెలియని పదాన్ని సందర్భాన్ని బట్టి ఊహించమని శిక్షణ తరగతుల్లో చెబుతారు. అయితే నూటికి సుమారు 98 మాటలు తెలిసినప్పుడే ఇతరుల సాయం లేకుండా పాఠం చక్కగా బోధపడుతుందని పదజాల బోధనపై పనిచేసిన భాషావేత్త పాల్ నేషన్ తదితరుల పరిశోధన సూచిస్తోంది. పుటకు ఇరవై కొత్త మాటలున్న పాఠంలో ఊహించమనడం చీకట్లో బాణం వేయమనడమే. అందువల్ల పాఠ్యపుస్తకంతో పాటు, రెండు తరగతులు తక్కువ స్థాయి చిన్న కథలను మౌనంగా, ఇష్టపడితే రెండోసారి కూడా చదవనివ్వండి.

పాఠానికి ముందు విషయాన్ని తెలుగులోనే ముచ్చటించి, నాలుగైదు కీలకపదాలు నేర్పి, జవాబు వెతకవలసిన ప్రశ్న ఒకటి ఇవ్వండి. మన వాక్యంలో క్రియ సాధారణంగా చివర ఉంటుంది, ఇంగ్లిష్‌లో కర్త తరువాత వస్తుంది. పొడవైన వాక్యాల్లో ముందు ఆ రెండింటినీ గుర్తించడం అలవాటు చేయండి. జవాబును తెలుగులో చెప్పినా అంగీకరించండి, మీరు పరీక్షిస్తున్నది అవగాహనను.