మోటారు స్టార్టరు గుట్టు తెలిసిన పిల్లవాడికి ‘పుస్తకం’ అని రాయడం రాకపోతే
(పిల్లల పెంపకం – పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: మేడమ్, నమస్కారం. మా బాబుకు తొమ్మిదేళ్లు. ఇంగ్లీషు మీడియంలో నాలుగో తరగతి చదువుతున్నాడు. మొన్న పొలంలో బోరు మోటారు స్టార్టరు మాటిమాటికీ ఎందుకు పడిపోతోందో మెకానిక్ కంటే ముందు వాడే చెప్పాడు. మూడంకెల లెక్కలు నోటితో చేస్తాడు. కానీ డిక్టేషన్‌లో పదింటికి రెండో మూడో వస్తాయి. బోర్డు మీద రాసినది దించుకోవడం సగం కూడా పూర్తి కాదు. ‘తెలివి ఉంది గానీ ఒళ్లు వంచడు’ అంటారు టీచరుగారు. స్క్రూడ్రైవర్లు, తీగలు దాచుకునే వాడి డబ్బాను నోట్సు పూర్తయ్యేదాకా ముట్టుకోవద్దని మావారు అటక మీద పెట్టి రెండు నెలలైంది. మొన్న రాత్రి పడుకునే ముందు ‘నాకు బుర్ర లేదు కదమ్మా’ అన్నాడు. పరీక్ష చేయిస్తే ఐక్యూ 107, సగటు, కంగారు పడనక్కర్లేదన్నారు. నాకు మాత్రం మనసు కుదుటపడడం లేదు. రిపోర్టు, నోట్సు పేజీ జతచేస్తున్నాను.
– ఒక తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, ముందుగా ఆ డబ్బాను అటక మీది నుంచి దించి బాబు చేతికివ్వండి. కారణం తర్వాత చెబుతాను.

మీరు పంపిన రిపోర్టులో 107 అనే అంకె పైన నాలుగు విడి అంకెలున్నాయి. మాటలతో అర్థం చేసుకోవడంలో 128, కంటితో చూసి తర్కించడంలో 121, విన్నదాన్ని కాసేపు మనసులో నిలుపుకుని వాడుకోవడంలో 86, చూసి చకచకా రాయడంలో 78 వచ్చాయి. మొదటి అంకెను బట్టి మీ బాబు తన వయసు పిల్లలు వందమందిలో ముందు వరుసలో ముగ్గురు నలుగురి పక్కన ఉంటాడు. చివరి అంకెను బట్టి అదే వందమందిలో వెనుక నుంచి ఏడెనిమిదో వాడవుతాడు. ఇంత తేడా ఉన్న నాలుగు విభాగాలనూ కలిపి లెక్కిస్తే వచ్చే 107 బాబును ఏ కోణంలోనూ చూపించదు. మోకాలి లోతు, నిలువు లోతు రెండూ ఉన్న చెరువుకు సగటు లోతు చెప్పి దిగమన్నట్టే ఉంటుంది. విభాగాల మధ్య ఇంత ఎడం ఉన్నప్పుడు మొత్తం అంకెను పక్కనబెట్టి, ఆలోచనకు సంబంధించిన మొదటి రెండు విభాగాలతో లెక్కించే జనరల్ ఎబిలిటీ ఇండెక్స్‌ను చూడాలి. ఆ లెక్క వేసి ఇమ్మని సైకాలజిస్టును అడగండి. అడగడం మీ హక్కు.

ఇటువంటి పిల్లలను ‘ట్వైస్ ఎక్సెప్షనల్’ అంటారు. ఒకే బిడ్డలో అసాధారణమైన ప్రతిభతో పాటు డిస్లెక్సియా (తెలివికి లోటు లేకున్నా చదవడం, రాయడం కష్టం కావడం), ఏడీహెచ్‌డీ (శ్రద్ధ, కుదురు నిలవకపోవడం), ఆటిజం వంటి ఇబ్బంది ఏదైనా కలిసి ఉండడాన్ని ఆ మాట సూచిస్తుంది. వీరిని గుర్తించడం కష్టం కావడానికి కారణం ఒక్కటే: తెలివి ఇబ్బందిని కప్పేస్తుంది, ఇబ్బంది తెలివిని కప్పేస్తుంది, పైకి మాత్రం మామూలు పిల్లవాడో బద్ధకస్తుడో కనిపిస్తాడు. ఒకటి రెండు తరగతుల్లో పక్కవాళ్లు చదువుతుంటే విని, బొమ్మలు చూసి ఊహించి మీ బాబు నెట్టుకొచ్చి ఉంటాడు. మూడు, నాలుగు తరగతులకు వచ్చేసరికి పాఠాలు పొడవవుతాయి, ఊహ సరిపోదు. ‘ఇన్నాళ్లూ బాగానే ఉన్నాడు, ఇప్పుడే చెడిపోయాడు’ అనే మాట తల్లిదండ్రుల నోట వినబడేది సరిగ్గా ఈ వయసులోనే.

నోట్సు పేజీని నేను చాలాసేపు చూశాను. ‘పుస్తకం’ అన్నచోట ‘పుసకం’ అని, ‘అమ్మమ్మ’ అన్నచోట ‘అమమ’ అని ఉంది. ‘మ’ రాయవలసిన చోట రెండుసార్లు ‘య’ పడింది. మూడో వరుసలో ఒక మాటను ఎన్నిసార్లు చెరిపి రాశాడో గానీ రబ్బరు రాపిడికి కాగితం చిరిగి చిల్లు పడింది. అదే పేజీ అడుగున, మార్జిన్‌లో, స్టార్టరు లోపలి కాయిల్, మూడు ఫేజుల తీగలు ఒకదాన్నొకటి తగలకుండా శుభ్రంగా గీశాడు. కాగితం చిరిగేదాకా చెరిపి రాసిన పిల్లవాడిని ఒళ్లు వంచడని ఎలా అనగలం? పక్కవాడు రెండు నిమిషాల్లో రాసే వాక్యానికి మీ బాబు పది నిమిషాల శ్రమ ఖర్చుపెడుతున్నాడు. ఆ శ్రమ మార్కుల్లో కనిపించడం లేదు, అంతే.

అక్షరం కింద ఒత్తు, పైన గుణింతపు గుర్తు, నడుమ ఒకదాన్నొకటి పోలిన రూపాలు ఉండడంతో తెలుగు రాత ఇటువంటి పిల్లల కంటికి చాలా ఇరుకుగా తోస్తుంది. ఇంగ్లీషులో తప్పులకు ఆ భాష స్పెల్లింగులే కారణమని సరిపెట్టుకోవచ్చు గానీ, పలికినట్టే రాసే తెలుగులోనూ ఇలాగే తడబడుతున్నాడంటే డిస్లెక్సియా ఉందేమోనని పరీక్షించి తీరాలి. అయితే ఉత్తరం చదివి నేను నిర్ధారించకూడదు. ముందు కంటి, చెవి పరీక్షలు చేయించండి. తర్వాత చదవడం, రాయడం, లెక్కలకు విడిగా ఉండే అభ్యసన వైకల్య పరీక్షలను తెలుగు, ఇంగ్లీషు రెండు భాషల్లోనూ చేయగలిగిన చోటికి వెళ్లండి. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ రూపొందించిన పరీక్షలను మన దేశంలో విస్తృతంగా వాడుతున్నారు. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడిచే సత్వర చికిత్సా కేంద్రాల్లో 18 ఏళ్ల వరకు పిల్లలను ఉచితంగా చూస్తారు. అక్కడ మొదలుపెట్టినా సరైన చోటికి పంపుతారు.

వైకల్య ధ్రువపత్రం తీసుకుంటే బిడ్డకు ముద్ర పడుతుందని ఇంట్లో పెద్దలు వెనకాడవచ్చు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. కానీ 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉంది; డిస్లెక్సియా దీని కిందికే వస్తుంది. దాన్ని వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధన అందించాలని 16వ సెక్షన్ చెబుతోంది; ప్రభుత్వ గుర్తింపు పొందిన ప్రైవేటు బడులు కూడా దాని పరిధిలోకే వస్తాయి. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు 17వ సెక్షన్‌లో ఉన్నాయి. సీబీఎస్‌ఈలో మూడు గంటల పరీక్షకు గంట అదనంగా ఇస్తారు. ఇవన్నీ పదో తరగతి పరీక్షలకు నెల ముందు పరుగెడితే దొరికేవి కావు. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఎనిమిదేళ్లు నిండిన పిల్లలకు ఈ ధ్రువపత్రం ఇవ్వవచ్చు కనుక, మీ బాబుకు ఇదే తగిన సమయం.

ఇంట్లో మీరు చేయగలిగింది కూడా ఉంది. అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం పోసి పిల్లవాడి వేలు పట్టుకుని దిద్దించారు కదా, ఆ పద్ధతినే మళ్లీ మొదలుపెట్టండి. కన్ను చూస్తుండగా, నోరు పలుకుతుండగా, వేలు కదలడం వల్ల అక్షరం మూడు దారుల్లో మనసులోకి వెళుతుంది; డిస్లెక్సియా ఉన్న పిల్లలకు ప్రత్యేక ఉపాధ్యాయులు నేర్పేదీ ఈ సూత్రం మీదనే. రోజుకు ఇరవై నిమిషాలు, వారానికి రెండే రెండు ఒత్తులు చాలు. ‘స్త’ వచ్చాకే ‘మ్మ’కు వెళ్లండి. సైన్సు, సాంఘికశాస్త్రం మీరు చదివి వినిపించి నోటితో జవాబు చెప్పించుకోండి. చదవడం రాదన్న కారణంగా వాడి తెలివి తేటలను నాలుగో తరగతి ఒకటో పాఠం దగ్గరే ఆపి ఉంచడం అన్యాయం.

ఇక ఆ డబ్బా సంగతి. ఇష్టమైనది తీసేస్తే కష్టమైనది చేస్తాడని మీవారు అనుకోవడం సహజమే, మన ఇళ్లలో తరతరాలుగా పాటిస్తున్న పద్ధతే అది. కానీ మీ బాబు ఇష్టం లేక రాయకుండా ఉండడం లేదు, చేతకాక ఆగిపోతున్నాడు. చేతకానిదానికి శిక్షగా, తాను సమర్థుడినని వాడికి నమ్మకం కలిగే ఒకే ఒక చోటును మనం మూసేశాం. ‘నాకు బుర్ర లేదు’ అనే మాట పుట్టింది అక్కడి నుంచే. ప్రతిభకు మేత పెట్టడం, ఇబ్బందికి సాయం చేయడం ఒకేసారి జరగాలి; ఒకటి పూర్తయ్యాక రెండోది అని వాయిదా వేస్తే రెండూ నష్టపోతాయి. దగ్గర్లోని మోటారు వైండింగ్ షాపులో తెలిసినవారుంటే ఆదివారం ఒక గంట కూర్చోబెట్టండి, కరెంటు దగ్గర జాగ్రత్తలు కూడా అక్కడే నేర్చుకుంటాడు. బాబుతో నిజమే చెప్పండి: ‘నీ బుర్ర చాలా చురుకైనది, అక్షరాలను పట్టుకునే దారి మాత్రం నీకు వేరుగా ఉంది, ఆ దారి మనం కలిసి వెతుకుదాం.’ తొమ్మిదేళ్ల పిల్లవాడికి ఇది చక్కగా అర్థమవుతుంది.

ప్రశ్న: నేను నరసరావుపేట దగ్గర ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయురాలిని. ఏడో తరగతిలో ఒక అమ్మాయి పద్యానికి భావం చెబితే నేనే విస్తుపోతాను. కానీ హోంవర్కు తేదు, పెన్నులు పారేసుకుంటుంది, పరీక్షలో రెండు ప్రశ్నలు రాసి కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుంది. అల్లరి లేదు. 46 మంది ఉన్న తరగతిలో ఒక్కరి కోసం నేనేం చేయగలను?

జవాబు: టీచరుగారూ, అల్లరి లేకపోవడం వల్లనే ఆ అమ్మాయి ఇంతకాలం ఎవరి కంటా పడలేదు. ఏడీహెచ్‌డీ అనగానే బెంచీలెక్కి దూకే అబ్బాయి గుర్తొస్తాడు గానీ, శ్రద్ధ నిలవకపోవడమే ప్రధానంగా ఉండే రకం కూడా ఉంది. ఆడపిల్లల్లో ఇదే ఎక్కువగా కనిపిస్తుంది, ఆలస్యంగా బయటపడుతుంది. ‘పరధ్యానం పిల్ల’ అన్న పేరుతో పదో తరగతి దాకా వెళ్లిపోతారు. అది అవునో కాదో తేల్చవలసింది వైద్యులే కనుక, ముందు తల్లిదండ్రులతో మాట్లాడి మీ మండలంలోని భవిత కేంద్రం రిసోర్స్ పర్సన్‌కు చెప్పండి. ప్రత్యేక అవసరాల పిల్లలను గుర్తించి తగిన చోటికి పంపడం వారి బాధ్యతల్లో ఒకటి.

తరగతిలో మీ వేళను పెద్దగా తీసుకోని పనులు కొన్ని ఉన్నాయి. ఆమెను కిటికీ దగ్గర నుంచి మీ బల్ల ఎదుటికి మార్చండి. పరీక్ష కాగితాన్ని మొత్తం ఒకేసారి ఇవ్వకుండా రెండు ముక్కలుగా ఇవ్వండి. మొదటి ముక్క ఇచ్చేసి రెండోది తీసుకునేందుకు ఆమె లేచి మీ దగ్గరకు రావడమే మళ్లీ మనసును పనిలో పెడుతుంది. పది ప్రశ్నల హోంవర్కులో ఆమెకు మూడు చాలు, ఆ మూడు తప్పనిసరి. కొత్త పద్యం చెప్పే రోజున ముందుగా ఆమెనే భావం ఊహించి చెప్పమనండి. ‘ఇంత తెలివి పెట్టుకుని ఇలా చేస్తావేం’ అనే మాటను మాత్రం దయచేసి వాడకండి. మీరు మెచ్చుకోలుగానే అనవచ్చు, కానీ ఆ పిల్లకు అందులో తప్పు తనదేనన్న తీర్పు ఒక్కటే వినిపిస్తుంది.

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాం. మా అబ్బాయికి డిస్లెక్సియా అని బయట నిర్ధారణ అయింది. గ్రేడ్లు బాగానే వస్తున్నాయి గనుక ప్రత్యేక సహాయం అవసరం లేదని స్కూలువాళ్లు అంటున్నారు. ఇదే మాట మీద ఆగిపోవాలా?

జవాబు: ఆగనవసరం లేదు. తెలివైనవాడన్న కారణంతోనే ఒక పిల్లవాడిని వైకల్య పరిశీలన నుంచి తప్పించకూడదని అమెరికా విద్యాశాఖ 2015 ఏప్రిల్‌లో రాష్ట్రాలకు స్పష్టంగా గుర్తుచేసింది. వైకల్యం ఉన్న పిల్లల చదువుకు సంబంధించిన ఐడీఈఏ చట్టం కింద పూర్తి మూల్యాంకనం కావాలని, ఫోనులో కాకుండా రాతపూర్వకంగా, తేదీ వేసి అడగండి. ఐఈపీకి (ఆ పిల్లవాడి కోసమే విడిగా రాసే విద్యా ప్రణాళికకు) అర్హత లేదని తేలినా, 1973 నాటి రిహాబిలిటేషన్ చట్టంలోని 504 సెక్షన్ కింద అదనపు సమయం, వినే పుస్తకాలు కోరవచ్చు. ఇంట్లో రాత్రి ఎన్ని గంటలకు హోంవర్కు పూర్తవుతోందో, అందులో మీరు పక్కన కూర్చున్న సమయం ఎంతో రెండు వారాలపాటు రాసి ఉంచి ఆ కాగితాన్ని సమావేశానికి తీసుకువెళ్లండి. ఆ గ్రేడ్ల కోసం మీ ఇంట్లో ఎంత శ్రమ జరుగుతోందో వారికి అప్పుడు తెలుస్తుంది.